బిషప్ గారి కారులో విన్న మాట

జూన్ 2, ఆదివారం

ఈ డైరీ బిషప్ ఆఫీసులో మిగిలిపోయినది. జనవరిలో ఎవరో ఇన్సూరెన్సు వాళ్లు ఇచ్చారట. సగం ఏడాది అయిపోయింది, ఇంక దీన్నెవరు తీసుకుంటారని సెక్రటరీ యేసుమణమ్మ నా చేతిలో పెట్టింది. "కిలోమీటర్లు రాసుకో జెకరయ్యన్నా" అంది. కిలోమీటర్లు రాయడానికి కారులో వేరే పుస్తకం ఉంది. ఇందులో నా సంగతులు రాసుకుంటాను. ఎవరూ చూడరు గనక ఉన్నదున్నట్టు రాయొచ్చు.

ముందు ఒక మాట. మా డయాసిస్‌లో గురువులు ఊరికొకరు చొప్పున ఎందరైనా ఉండొచ్చు, ఆ ఊళ్లన్నిటికీ కలిపి బిషప్ ఒక్కరే. ఆయనను ఎక్కించుకుని తిప్పేవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. ముందున్న బిషప్ గారి దగ్గర పదేళ్లు, ఈ అయ్యగారి దగ్గర పన్నెండు. గిద్దలూరులో మా కారును చూసి దండం పెట్టని క్రైస్తవుడు లేడు. లోపల అయ్యగారు లేకపోయినా పెడతారు. అది ఎవరికి పెట్టినట్టు?

ఈరోజు యర్రగొండపాలెంలో కన్ఫర్మేషన్, బిషప్ గారు తల మీద చేతులుంచి పిల్లలను సంఘంలో పూర్తిగా చేర్చుకునే ఆరాధన. ఊరి మొదట్లోనే డప్పులు మొదలయ్యాయి. కారు ముందు ఆడవాళ్లు పాట పాడుతూ నడిచారు. అట్లాంటప్పుడు ఫస్ట్ గేరులో, క్లచ్ మీద కాలు ఆన్చి, ఎవరి మడమకూ తగలకుండా, ఇంజన్ ఆగకుండా నడపాలి. చేతనైనవాడు ఇంకెవడైనా ఉంటే వచ్చి నడిపి చూపించమనండి.

గుడి ముందు నేను దిగి తలుపు తీస్తాను, తర్వాత డిక్కీ తీస్తాను. బిషప్ గారి కర్ర మూడు ముక్కలుగా ఎర్ర ముఖమల్ పెట్టెలో ఉంటుంది. దాన్ని బిగించేది నేనే. మధ్య ముక్క మర అరిగిపోయింది. సగం తిప్పి, కొంచెం నొక్కి, మళ్లీ తిప్పాలి. అయ్యగారి వెంట ఉండే చాప్లిన్, కుర్ర గురువు ప్రకాష్ అయ్యగారు, ఒకసారి తానే బిగిస్తానని తీసుకున్నాడు. గుడి మధ్యలో పైనున్న వంకీ ఊడి బిషప్ గారి చేతికొచ్చింది. అప్పట్నుంచి ఆ పెట్టె జోలికి రాడు.

ఈ కన్ఫర్మేషన్ పిల్లలకు పాఠాలు చెప్పింది లీదియా. లీదియా నా కూతురు. గురువులయ్యేవాళ్లు చదివే బి.డి. చదివింది. మూడేళ్లుగా యర్రగొండపాలెం అవతల అడవి అంచున ఉన్న గూడేలకు స్కూటీ మీద తిరిగి పనిచేస్తోంది. చేతులుంచే ముందు అయ్యగారు పిల్లలను ప్రశ్నలడిగారు. నీళ్లు నమిలే పిల్లలను ఎన్నో ఊళ్లలో చూశాను. ఈరోజు గడగడా చెప్పారు. వాళ్ల వరుసలోనే చెంచులక్ష్మి అనే ముసలామె కూడా మోకరించింది. ఆమెను అడగాలా వద్దా అని అయ్యగారు ఆగితే తానే అంది: "అడుగు సామీ. మా పాపమ్మ అంతా నేర్పిచ్చినాది, నాకేం భయంల్యా."

పాపమ్మ అంటే లీదియానే. నేను కిటికీ బయట నిలబడి విన్నాను. ఆమె నా కూతురని ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఆగస్టు 25న ఆర్డినేషన్, కొత్తవాళ్లను గురువుల పనికి నియమించే ఆరాధన. ఐదుగురి పేర్లు అనుకుంటున్నారు, అందులో లీదియా పేరుంది. డీకన్ అవుతుంది, గురువు కావడానికి అది మొదటి మెట్టు. తెల్ల అంగీ, మెడకు గురువులు పెట్టుకునే కాలరు. సెప్టెంబరు ఆఖరుకు మా అయ్యగారికి అరవై ఐదు నిండుతాయి, దిగిపోతారు. కన్ఫర్మేషన్‌లో లీదియా తల మీద చెయ్యి పెట్టిందీ ఆయనే, ఇప్పుడు డీకన్‌గా చెయ్యి పెట్టేదీ ఆయనే. నా భార్య సామ్రాజ్యం అప్పుడే మార్కాపురంలో అంగీ కుట్టించి తెచ్చింది.

ఇందులో నా సిఫారసు ఏమీ లేదు. ఇన్నేళ్లలో అయ్యగారిని నా కోసం ఏదీ అడగలేదు. అడగను కూడా.

జూన్ 3

నిన్న తిరుగు ప్రయాణం గురించి రాయలేదు.

కారులో విన్నది కారులోనే వదిలెయ్యాలి. ఈ పని నేర్పిన ముసలి డ్రైవర్ మొదటిరోజే చెప్పిన మాట అది. నేను ఇంత కాలం దాన్ని తప్పలేదు. ఏ గురువుకు ఏ ఊరు బదిలీ, ఎవరి మీద ఎవరు అర్జీ పెట్టారు, అన్నీ నా చెవిన పడతాయి. సామ్రాజ్యానికి కూడా చెప్పను. బదిలీ కాగితం చేతికొచ్చేదాకా ఏడ్చే గురువులను చూస్తూ కూడా నోరు విప్పలేదు. ఈ డయాసిస్‌లో నా నోటి మీద ఉన్నంత నమ్మకం బీరువా తాళం మీద కూడా లేదు.

రాయడం చెప్పడం కిందికి వస్తుందా అని పొద్దున్నుంచి ఆలోచించాను. రాదు.

నిన్న వెనక సీట్లో అయ్యగారి పక్కన పెద్ద గురువుగారు కూర్చున్నారు. ఆర్డినేషన్ కమిటీకి ఆయనే పెద్ద. మార్కాపురం దాటేదాకా వానల గురించి మాట్లాడారు. దాటాక ఇంగ్లీషులోకి పోయారు. గుట్టు మాట వస్తే పెద్దలందరూ అట్లే పోతారు. నాకు ఇంగ్లీషు రాదని వాళ్ల నమ్మకం. నేనూ మొదట్లో అట్లే అనుకున్నాను. కానీ ఏళ్ల తరబడి వెనక నుంచి అదే పనిగా చెవిలో పడుతుంటే ఎట్లా రాకుండా ఉంటుంది? మాట్లాడలేను. వింటే తెలుస్తుంది.

పెద్ద గురువుగారు అన్నది ఇది. ఊళ్లలో మాట పుట్టిందట. బిషప్ దిగిపోతూ దిగిపోతూ తన డ్రైవర్ కూతురికి కాలరు కట్టబెడుతున్నాడని. పైకి అర్జీ పోతే పన్నెండేళ్ల మంచిపేరు పోతుందట. ఆ పిల్ల విషయం రాబోయే బిషప్‌కు వదిలేస్తే మర్యాదగా ఉంటుందట.

అప్పుడే తర్లుపాడు దగ్గర గొర్రెలు అడ్డం వచ్చాయి. కారు ఆపాను. కాపరి యల్లయ్య మా అయ్యగారి ఊరివాడే, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పలక మీద దిద్దుకున్నారు. అయ్యగారు అద్దం దించారు.

"ఏంరా యల్లయ్యా, బాగుండావా?"

"బాగుండా దొరా. నీ మంద ఎట్లుంది?"

"నీ మందే నయం. చెప్పిన మాట వింటాది."

గొర్రెలన్నీ దాటాయి. అద్దం ఎక్కింది. అయ్యగారు కంభం వస్తోందనగా అన్నారు, ఇంగ్లీషులోనే. పిల్ల మంచిది, ఈ ఐదుగురిలో ఆమే గట్టిది. కానీ ఆమె తండ్రి ఆ సీట్లో ఉన్నంత కాలం ఆమె తల మీద నేను చెయ్యి పెట్టలేను.

నేను అద్దంలోకి చూడలేదు. ఎదురుగా లారీ వస్తే డిప్పర్ కొట్టాను. గిద్దలూరు వచ్చింది. తలుపు తీశాను. "గుడ్ నైట్ జెకరయ్యా" అన్నారు ఇద్దరూ.

జూన్ 5

కారు రెండుసార్లు కడిగాను.

జూన్ 9, ఆదివారం

లీదియా ఇంటికి వచ్చింది. సామ్రాజ్యం పట్టుబట్టి అంగీ వేయించింది. మేముండేది బిషప్ బంగళా కాంపౌండులో డ్రైవర్ క్వార్టరు, ఒక గది, ఒక వసారా. ఆ గది సరిపోలేదు ఆ అంగీ ముందు. మెడ దగ్గర కొంచెం వదులు. "ఆగస్టుకల్లా ఒళ్లు చేస్తే సరిపోతాది" అంది సామ్రాజ్యం.

"మా ఊళ్లో ఇప్పుడే అమ్మగారంటున్నారు నాయనా," అంది లీదియా. "చెంచులక్ష్మవ్వ అడిగింది. అమ్మగారంటే అయ్యగారి పెండ్లాం గదా, మరి నీ అయ్యగారు యాడమ్మా అని. నేనే అయ్యగారిని, నేనే అమ్మగారిని అన్నా."

ముగ్గురం నవ్వాం. నేను ఎక్కువ నవ్వాను.

తర్వాత వసారాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాయనా, కమిటీ వచ్చే నెల కూర్చుంటుందంట. నీకేమన్నా తెలుసునా? కారులో ఏమన్నా అనుకున్నారా?"

"కారులో ఏం అనుకుంటారమ్మా. గుంతల గురించి అనుకుంటారు."

"జెకర్యా అని పేరు పెట్టింది ఊరకనే కాదు," అంది లోపల్నుంచి సామ్రాజ్యం. "గుళ్లో దూత కనపడి నోరు పడిపోయినోడు గదా ఆ జెకర్యా. ఈయనకు దూత కూడా అక్కర్లా, కారు చాలు."

నా కూతురు నా మొహంలోకి చూసింది. నేను మొహం తిప్పలేదు. ఇన్నేళ్ల అలవాటు. నా అంత గట్టిగా ఎవరూ ఉండలేరు.

జూన్ 12

రాబోయే బిషప్ అంటే ఎవరు? ఎప్పుడు? పోయినసారి కుర్చీ మూడేళ్లు ఖాళీగా ఉంది. ఎన్నిక, దాని మీద కోర్టు, దాని మీద ఇంకో కోర్టు. ఆ మూడేళ్లూ ఖాళీ కారును తుడుస్తూ కూర్చున్నాను. ఆడపిల్లకు కాలరు ఏంది అనే పెద్దలు ఇప్పటికే ఉన్నారు. వచ్చేవాడు వాళ్ల మనిషి అయితే లీదియా జీవితమంతా గూడేల్లో పంతులమ్మగానే ఉండిపోతుంది. గుళ్లో ప్రభువు బల్ల దగ్గర నిలబడదు. తప్పేం చేసింది? నాకు పుట్టింది.

అయ్యగారిని ఒక్కమాట అడిగితే? అడిగితే వాళ్లన్నది నిజమైపోతుంది. డ్రైవర్ అడిగాడు, బిషప్ ఇచ్చాడు.

అడగను. నేను ఎవరినీ ఏదీ అడిగిన మనిషిని కాను.

జూన్ 17

ఎడమ మోకాలు కొంచెం నొప్పిగా ఉన్నట్టుంది.

జూన్ 19

ఉంది. నొప్పి ఉంది. సామ్రాజ్యానికి చెప్పాను. నువ్వుల నూనె వేడిచేసి రాసింది. ఎన్నాళ్లనుంచని అడిగింది. చాలా రోజుల నుంచని చెప్పాను. వయసు యాభై ఎనిమిది, క్లచ్ తొక్కి తొక్కి అరగదా?

జూన్ 24, సోమవారం

యేసుమణమ్మ చేత రాజీనామా టైపు చేయించాను. ఆమె సగంలో చేతులాపింది. "మూడు నెల్లు ఆగితే అయ్యగారితోబాటు గౌరవంగా దిగుతావు గదన్నా. కథీడ్రల్‌లో కర్ర దించినాక ఆయన్ను ఇంటికి దింపేది నేనే అని ఊరంతా చెప్పుకున్నావే."

చెప్పుకున్న మాట నిజమే. కర్రను ప్రభువు బల్ల మీద పెట్టిన క్షణం నుంచి బిషప్ బిషప్ కాదు. అట్లా బయటికి నడిచి వచ్చినప్పుడు తలుపు తీసి పట్టుకునేవాడు నేనై ఉండాలని ఎన్ని రోజులుగా అనుకున్నానో. దానికని తెల్ల సఫారీ కూడా కుట్టించాను.

"మోకాలు," అన్నాను.

"ఏ మోకాలు?"

"ఎడమది. క్లచ్ కాలు. టైపు చెయ్ తల్లీ."

అయ్యగారు కాగితం చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చదివారు. అందులో ఉన్నది మూడు లైన్లు.

"మూడు నెలలు ఓర్చుకోలేవా జెకరయ్యా?"

"ఘాటు రోడ్డు దిగేటప్పుడు పట్టేస్తే ప్రమాదమయ్యగారూ. మీ ప్రాణం నా కాలి కింద ఉంటుంది."

ఈ మాట ముందే అనుకుని పోయాను. బాగా కుదిరింది. అయ్యగారు నా కాలి వంక కాదు, నా మొహం వంక చూశారు. చూసి, చూసి, సంతకం పెట్టారు. నేను తాళాలు బల్ల మీద పెట్టాను. కర్ర పెట్టె సంగతి చెప్పడం మర్చిపోయి వెనక్కి వెళ్లాను. "మధ్య ముక్క అయ్యగారూ, సగం తిప్పి నొక్కి మళ్లీ తిప్పాలి."

"నాకు తెలుసులే," అన్నారు.

బయటికి వచ్చేటప్పుడు కుంటాలని గుర్తుంది. కుంటాను.

జూన్ 25

సామ్రాజ్యం పొద్దున్నుంచి పలకలేదు. మధ్యాహ్నం పలికింది. "క్వార్టరు ఖాళీ చెయ్యాలని తెలిసే చేసినావా? బిడ్డ ఆర్డినేషన్‌కు నలుగురు చుట్టాలొస్తే యాడ కూర్చోబెట్టాల?" తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, సాయంత్రం నూనె గిన్నె తెచ్చింది. నేను కాలు చాపాను.

"నిన్న ఎడమ కాలన్నావు."

చాపింది కుడికాలు. "అదే ఇటు పాకింది," అన్నాను.

జూలై 3

స్టేషన్ రోడ్డులో అద్దెకు దిగాం. సామ్రాజ్యం పనిచేసే హాస్టల్‌కు దగ్గర. నాలుగు రైళ్ల చప్పుడు వినిపిస్తుంది. మంచి ఇల్లే.

జూలై 8

కారు కనపడింది. రథం వీధి మలుపులో. కొత్త డ్రైవర్ సెకండ్ గేరు వెయ్యాల్సిన చోట థర్డ్ వేశాడు. ఇంజన్ దగ్గింది. ముందు బంపర్ మీద దుమ్ము. నేను టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను, దండం పెట్టడానికి. కారు ఆగకుండా పోయింది. లోపల అయ్యగారు ఉన్నారో లేదో.

దండం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణయ్యాను. ఇదీ బాగానే ఉంది.

జూలై 16

ఈరోజు కమిటీ అని తెలుసు. నాకేం ఆత్రం లేదు. బజారుకు నాలుగుసార్లు వెళ్లాను, ఊరికే.

జూలై 17

ఏమీ తెలియలేదు. ఇదివరకైతే వెనక సీట్లో నుంచి నాకే మొదట తెలిసేది.

జూలై 21, ఆదివారం

లీదియా ఫోన్ చేసింది. కమిటీ పేర్లు పైకి చెప్పలేదట. ఆర్డినేషన్‌కు మూడు వారాల ముందు ఎవరి సంఘంలో వాళ్ల పేరు చదువుతారు. ఫలానావాళ్లను డీకన్‌గా నియమించబోతున్నాం, అభ్యంతరమున్నవాళ్లు బిషప్‌కు తెలపండి అని. ఆగస్టు 4న చదవాలి. చదివితే ఉన్నట్టు. చదవకపోతే లేనట్టు.

"నాయనా, నీ కాలెట్లుంది?"

"బ్రహ్మాండంగా ఉంది" అనబోయి, "ఉంది, అట్లే ఉంది" అన్నాను.

"నువ్వు కారు దిగినావని మా గూడెంలో అందరూ బాధపడినారు. చెంచులక్ష్మవ్వ చెట్టు మందు పంపిస్తానంది."

మందు వస్తే రాసుకోవాల్సిందే.

జూలై 30

ఒకవేళ చదవకపోతే? నేను సీటు వదిలింది ఎందుకు? మోకాలు నొప్పితో వదిలాను. అంతే కదా. అయితే చదివినా చదవకపోయినా నాకేం?

ఆగస్టు 4, ఆదివారం

యర్రగొండపాలెం బస్సు ఎక్కి పోయాను. సామ్రాజ్యం కూడా. వెనక బెంచీలో కూర్చున్నాం. ప్రకటనలు చదివారు. అన్నదానం, స్త్రీల సమాజం, సమాధుల తోట శుభ్రం చెయ్యడం. నా చేతిలో పాటల పుస్తకం తడిసిపోయింది. తర్వాత అక్కడి గురువుగారు ఒక కాగితం మడత విప్పారు.

"ఈ సంఘములో సేవచేయుచున్న కుమారి జె. లీదియాను..."

ఆ తర్వాత వినపడలేదు. జె అంటే జెకరయ్య. నా పేరు చదివారు కారు డ్రైవర్ అని కాదు, లీదియా ముందు అక్షరంగా. సామ్రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అన్నప్పుడు గుడి మొత్తం తిరిగి చూశాను. ఎవడన్నా లేస్తాడేమో అని. ఒక్క చెంచులక్ష్మి లేచింది.

"అభ్యంతరం గాదయ్యా. ఆయమ్మను యాడికన్నా బదిలీ చేస్తారా? చేస్తే మాకు అభ్యంతరమే."

బస్సు దిగి ఇంటికి నడిచి వస్తుంటే సామ్రాజ్యం అడిగింది, "కుంటడం మర్చిపోయినట్టుండావే?"

"సంతోషంలో తెలీలేదు," అన్నాను. అది అబద్ధం కాదు.

ఆగస్టు 25, ఆదివారం

ఇన్నేళ్లలో ఎన్ని ఆర్డినేషన్లకు అయ్యగార్లను తెచ్చి దింపానో. ఒక్కటి కూడా లోపల కూర్చుని చూడలేదు. కారు దగ్గర ఉండాలి, మైకులో వినాలి. ఈరోజు కథీడ్రల్‌లో ముందు నుంచి రెండో బెంచీ. అభ్యర్థుల తల్లిదండ్రులకు అని కాగితం అంటించి పెట్టారు. తెల్ల సఫారీ వేసుకున్నాను. కుట్టించింది ఇంకో రోజుకు. ఈ రోజుకే సరిపోయింది.

ఊరేగింపు వచ్చింది. సిలువ, కొవ్వొత్తులు, గురువులు, తెల్ల అంగీల్లో ఐదుగురు, ఆఖర్న అయ్యగారు. నేను కర్ర వైపు చూశాను. వంకీ ఊగుతోంది. కొత్తవాడు సగం తిప్పి వదిలేశాడు. లేచి వెళ్లి బిగించాలని రెండు చేతులూ తహతహలాడాయి. బెంచీ పట్టుకుని కూర్చున్నాను. అయ్యగారు మధ్య ముక్క దగ్గర వేలితో నొక్కి పట్టుకుని నడిచారు. నన్ను దాటేటప్పుడు నా వైపు చూశారు. నొక్కిన వేలు కొంచెం ఎత్తి చూపించి మళ్లీ నొక్కారు.

ఐదుగురినీ నిలబెట్టి అయ్యగారు సంఘాన్ని అడిగారు. వీరు ఈ సేవకు యోగ్యులని మీరు నమ్ముచున్నారా?

నమ్ముచున్నాము అని అందరూ అనాలి. అందరూ అన్నారు. నేను అందరికంటే ముందు అన్నాను, అందరికంటే గట్టిగా అన్నాను. నా గొంతు ఒక్కటే పైకప్పుకు తగిలి వెనక్కి వచ్చింది. ముందు బెంచీలో పెద్ద గురువుగారు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ. సామ్రాజ్యం నా సఫారీ లాగింది. బైబిల్లో జెకర్యాకు కూడా నోరు తెరుచుకున్నది బిడ్డ పేరు దగ్గరే అని తర్వాత ఆమెకు చెప్పాను.

అయ్యగారు లీదియా తల మీద చేతులుంచారు. ఆమె మెడ దగ్గర అంగీ ఇంకా వదులుగానే ఉంది. ఒళ్లు చెయ్యలేదు.

సువార్త చదివేది కొత్త డీకన్లలో ఒకరు. లీదియాకు ఇచ్చారు. నా కూతురు కథీడ్రల్ మధ్యలో నిలబడి పుస్తకం ఎత్తి పట్టుకుంటే గిద్దలూరు, మార్కాపురం, కంభం, యర్రగొండపాలెం జనం మొత్తం లేచి నిలబడ్డారు. బిషప్ కూడా లేచారు.

ఇంతకంటే రాయడం నాకు చేతకాదు. గర్వం పాపమని ప్రసంగాల్లో విన్నాను. ఈ ఒక్కరోజుకు ఆ పాపం నా లెక్కలో రాసుకోమని దేవునికి చెప్పాను.

సెప్టెంబరు 29, ఆదివారం

అయ్యగారు ఈరోజు కర్ర దించారు. కట్టడ అదే. బల్ల మీద కర్ర అడ్డంగా పెట్టి, వంగి, చేతులు రెండూ ఖాళీగా వెనక్కి తిరిగి నడవాలి. నడిచారు. గుడంతా ఏడ్చింది.

బయట కారు నిలబెట్టి ఉంది. సొంత కార్లు ఉన్నవాళ్లు కూడా మేము దింపుతామని ముందుకొచ్చారు. అయ్యగారు ఒప్పుకోలేదు. "కర్ర దించినాక ఆ కారు నాది కాదు. రైల్లో పోతా" అన్నారు. సామాను ముందే టెంపోలో వెళ్లిపోయింది. అమ్మగారు పోయి ఆరేళ్లు, ఇంటి దగ్గర ఎదురు చూసేవాళ్లు లేరు. చేతిలో ఒక సంచి. జనం పూలదండలతో స్టేషన్ దాకా వచ్చారు. నేను వెళ్లి సంచి అందుకున్నాను.

"ఏ కాలు జెకరయ్యా నొప్పి?" అన్నారు.

"ఎడమదయ్యగారూ."

"మరి రైలు ఎక్కుతావా?"

"రైలుకు క్లచ్ ఉండదు గదయ్యగారూ."

టికెట్లు నేనే తీసుకున్నాను. ప్యాసింజర్‌లో కిటికీ పక్కన ఆయన, ఆ పక్కన నేను. పన్నెండేళ్లు ఆయన మాట నా వీపుకు వినపడింది. ఒకే బల్ల మీద భుజం ఆనించి కూర్చోవడం ఇదే మొదలు. ఎటు చూడాలో తెలియలేదు. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

కంభం దాటింది. అయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగారు.

"నీకు ఇంగ్లీషు వచ్చునా జెకరయ్యా?"

"రాదయ్యగారూ."

తల ఊపారు. ఇంకా కొంత దూరం పోయాక, అట్లే బయటికి చూస్తూ, నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడారు. నేను జవాబు చెప్పే అవసరం లేకుండా ఉండాలనే ఆ భాషలో అన్నారు. నేను ఎదురు సీటు కింద ఉన్న ఎవరిదో వేరుశనక్కాయల మూట వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్లుపాడులో దిగాం. ప్లాట్‌ఫాం మీద యల్లయ్య గొంగడి భుజాన వేసుకుని ఉన్నాడు. "వచ్చినావా దొరా. నీ కర్ర తీసేసుకున్నారంట గదా," అని తన చేతి కర్ర చూపించాడు. "ఇది ఎవురూ తీసుకోరు." అయ్యగారు ఎన్ని నెలలకో గట్టిగా నవ్వారు. సంచి నా చేతిలోంచి తానే తీసుకున్నారు. నేను దండం పెట్టాను. ఆయన కూడా పెట్టారు, నాకంటే కొంచెం ముందు.

సెప్టెంబరు 30

నిన్న విన్నది కారులో కాదు, రైల్లో. రైల్లో విన్నది చెప్పకూడదని ఎవరూ నాకు నేర్పలేదు. అందుకని పొద్దున్నే సామ్రాజ్యానికి చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది.

"అయ్యగారు ఏమన్నారో తెలుసునా? నేను నిలబడాల్సిన చోట నువ్వు నిలబడినావు, నాకు ఆ ధైర్యం చాలలా, ఈ డయాసిస్‌లో నీ అంత గట్టి మనిషిని చూడలేదు అన్నారు."

"ఆ మాట నీతో అన్నారా?"

"ఇంగ్లీషులో అన్నారు."

చేట ఆగింది. "నీకు ఇంగ్లీషు యాడొచ్చు?"

సామ్రాజ్యం బియ్యంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె తెలివిగలది, ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటోందని తెలుస్తూనే ఉంది. అద్దంలోకి చూడనట్టు కూర్చున్నాను.

"యర్రగొండపాలెం నుంచి వచ్చిన పొద్దు నువ్వు అన్నం తినలా," అంది. "కారు కడిగిందే కడిగినావు."

నేను కింద రాలిన గింజలు ఏరి చేటలో వేశాను.

"బిడ్డకు తెలుసునా?"

"లేదు."

"తెలియనీకు."

"చెప్పను."

ఆమె కళ్లు తుడుచుకుంది. బియ్యం డబ్బాలో పోసి మూత పెట్టింది. నా ఎదురుగా వచ్చి నిలబడి నా రెండు మోకాళ్లనూ చాలాసేపు చూసింది. "మూడు నెల్లు. మూడు నెల్లు నా చేత నూనె రుద్దిచ్చుకుంటివి గదయ్యా."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె లోపలికి పోయింది. తిట్లు మొదలవుతాయని కాచుకుని ఉన్నాను. నూనె గిన్నె వేడిచేసి తెచ్చి కింద కూర్చుంది.

"చాపు," అంది.

"ఏ కాలు?" అన్నాను.

"ఏదో ఒకటి చాపు."